సముద్రపు నీళ్లలో ఆమ్లత్వం: గ్లాసులో చూపించడం ఎలా, ఒడ్డున కొలవడం ఎలా, డేటాలో చదవడం ఎలా

ఓషన్ అసిడిఫికేషన్ గురించి పిల్లలకి చెప్పమంటే చాలామంది చేసే మొదటి పని, ఒక గుల్ల తీసుకుని వినెగర్‌లో పడేయడం. అది బుస్సుమని నురగ కక్కుతుంది, పిల్లలు కేరింతలు కొడతారు, పాఠం అయిపోతుంది. నాకు ఈ ప్రయోగం అస్సలు నచ్చదు. ఎందుకంటే అది చూసిన పిల్లాడి బుర్రలో మిగిలేది సముద్రం ఆసిడ్ అయిపోతోంది, గుల్లలన్నీ కరిగిపోతున్నాయి అన్న మాట ఒక్కటే. రేపు ఎవరో ఒకరు "సముద్రం పీహెచ్ ఇంకా 8 పైనే ఉంది కదా, మరి ఆసిడ్ ఎక్కడుంది" అంటే వాడి దగ్గర జవాబు ఉండదు, ఇక మొత్తం విషయమే అబద్ధం అనుకుంటాడు. పీహెచ్ అంటే ఆమ్లత్వం కొలత, 7 కింద ఉంటే ఆసిడ్, పైన ఉంటే క్షారం. వినెగర్ పీహెచ్ రెండున్నర, మూడు మధ్యలో ఉంటుంది, సముద్రం పైనీళ్లది సగటున 8.1 దగ్గర ఉంది, ఈ రెండిటికీ పోలికే లేదు. పైగా అసలు సంగతి, అంటే గాల్లో ఉన్న గ్యాస్ నీళ్లలోకి దిగడం, ఆ ప్రయోగంలో ఎక్కడా కనబడదు.

అందుకే ఈ పోస్టు. స్కూల్లో చెప్పేవాళ్లకీ, అక్వేరియం పెట్టుకున్నవాళ్లకీ, తీరం దగ్గరుండి నీళ్లు కొలుద్దాం అనుకునేవాళ్లకీ, ఊరికే తెలుసుకోవాలనుకునేవాళ్లకీ పనికొచ్చేలా రాస్తున్నా. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు రెండు ముక్కల్లో విషయం. మనుషులు కాల్చే బొగ్గు, పెట్రోలు, గ్యాస్ నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌లో ఏటా దాదాపు నాలుగో వంతుని సముద్రం మింగుతోంది. గాల్లో అది పరిశ్రమలు రాకముందు 280 పీపీఎమ్ (అంటే పది లక్షల్లో 280 వంతులు) ఉండేది, ఇప్పుడు 420 దాటింది. నీళ్లలోకి దిగిన కార్బన్ డయాక్సైడ్ నీటితో కలిసి కార్బానిక్ ఆసిడ్ అవుతుంది, అది హైడ్రోజన్ అయాన్‌ని వదులుతుంది, ఆ హైడ్రోజన్ వెళ్లి నీళ్లలో ఉన్న కార్బొనేట్‌ని పట్టుకుని బైకార్బొనేట్‌గా మార్చేస్తుంది. ఈ చివరి ముక్క గట్టిగా గుర్తుపెట్టుకోండి, చాలా వ్యాసాలు పీహెచ్ తగ్గింది అని చెప్పి అక్కడితో ఆపేస్తాయి, కానీ పగడాలకీ ఆల్చిప్పలకీ గుల్ల కట్టుకోడానికి కావల్సింది కార్బొనేట్, తగ్గిపోతున్నది అదే.

నీళ్లు తయారు చేసుకోవడం

సముద్రపు నీళ్లు దొరక్కపోయినా ఈ ప్రయోగానికి సరిపడేవి ఇంట్లో చేసుకోవచ్చు. లీటరు డిస్టిల్డ్ వాటర్ తీసుకోండి, కుళాయి నీళ్లు వద్దు, వాటిలో ముందే ఏమేం కరిగి ఉన్నాయో చెప్పలేం. అందులో 35 గ్రాముల ఉప్పు వేయండి. ఏ కలుపూ లేని స్వచ్ఛమైన ఉప్పైతే మంచిది, ప్యాకెట్ ఉప్పులో గడ్డకట్టకుండా కలిపే పొడులు రంగు ఫలితాన్ని కొంచెం తారుమారు చేస్తాయి. తర్వాత వంటసోడా, సరిగ్గా 0.2 గ్రాములు.

0.2 గ్రాములు ఇంటి త్రాసులో తూగదు కదా, దానికో పద్ధతి ఉంది. 2 గ్రాముల సోడా తూచి 100 మిల్లీలీటర్ల నీళ్లలో పూర్తిగా కలపండి, సిరంజితో అందులోంచి 10 మిల్లీలీటర్లు తీసి మీ లీటరు ఉప్పునీళ్లలో వేయండి, అంతే. ఈ లెక్క నేను ఊరికే చెప్పింది కాదు, సముద్రపు నీళ్ల ఆల్కలినిటీ, అంటే ఆసిడ్ పడితే ఎంతవరకు తట్టుకోగలదు అన్న కొలత, లీటరుకి సుమారు 2.3 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటుంది, అంత రావాలంటే వంటసోడా దాదాపు 0.2 గ్రాములు పడుతుంది. ఎక్కువ వేస్తే ప్రయోగం పాడవుతుంది, ఎంత ఊదినా రంగు కదలదు. ఈ నీళ్లని వెడల్పాటి గిన్నెలో మూత లేకుండా ఒక రాత్రి వదిలేయండి, గాలితో సర్దుకుంటాయి.

రంగు కోసం ఫినాల్ రెడ్ అన్నిటికంటే బాగుంటుంది, స్విమ్మింగ్ పూల్ టెస్ట్ కిట్లలో వచ్చేది అదే. పీహెచ్ 8.2 దగ్గర గులాబీ ఎరుపు, 6.8 కిందికి పోతే పసుపు, మధ్యలో నారింజ, అంటే సముద్రం ఉన్న చోటే దాని రంగు మారడం మొదలవుతుంది. బ్రోమోథైమాల్ బ్లూ కూడా వాడొచ్చు గానీ అది 7.6 దాకా నీలంగానే ఉంటుంది, అంటే సముద్రంలో జరిగే మార్పులు దానికి తెలియనే తెలియవు. ఏదీ దొరక్కపోతే ఊదా క్యాబేజీ తరిగి వేడినీళ్లలో నానబెట్టి వడకట్టిన రసం వాడండి, ఈ ఉప్పునీళ్లలో నీలిరంగులో ఉండి ఆమ్లత్వం పెరిగేకొద్దీ ఊదాకి తిరుగుతుంది, కాకపోతే తేడా అంత కొట్టొచ్చినట్టు ఉండదు.

ఇక్కడ ఒక చిన్న పని తప్పకుండా చేయండి, చాలామంది వదిలేస్తారు. వంటసోడా వేయని ఉత్త ఉప్పునీళ్లు ఒక గ్లాసులో, సోడా వేసినవి ఇంకో గ్లాసులో పోసి రెండింట్లోనూ ఫినాల్ రెడ్ వేయండి. మొదటి గ్లాసు పసుపు వైపే ఉండిపోతుంది, రెండోది గులాబీ రంగుకి వస్తుంది. ఎందుకంటే సోడా లేని నీళ్లని గాల్లో ఉన్న కార్బన్ డయాక్సైడే పీహెచ్ 5.6 దాకా లాగేస్తుంది, వాననీళ్లు కొంచెం ఆమ్లంగా ఉండేది కూడా ఇందుకే. ఆ చిటికెడు సోడా చేసిన పనినే సముద్రంలో రాళ్లు అరిగి నదుల ద్వారా లక్షల ఏళ్లుగా వచ్చి చేరిన ఖనిజాలు చేస్తున్నాయి. ఈ రెండు గ్లాసులు పక్కపక్కన చూస్తే ఆల్కలినిటీ అంటే ఏంటో ఇక వేరే చెప్పక్కర్లేదు.

గ్యాస్ పైనుంచి దిగడం చూడాలంటే

ఈ ప్రయోగం నాకు చాలా ఇష్టం. ఎత్తైన పారదర్శకమైన గ్లాసులో అడుగున రెండు మూడు అంగుళాలు మీ గులాబీ నీళ్లు పోయండి. గ్లాసు లోపలి గోడకి, నీళ్లకి పైన, ఒక బుల్లి పేపర్ కప్పు టేపుతో అంటించండి, అది నీళ్లకి తగలకూడదు. ఆ కప్పులో అర చెంచా వంటసోడా వేయండి. వెనక తెల్లకాగితం నిలబెట్టండి. ఇప్పుడు సిరంజితో కప్పులోకి ఒక చెంచాడు వినెగర్ మెల్లిగా వదిలి, గ్లాసు మీద ప్లేటు మూసేయండి, ఆ తర్వాత బల్లని కూడా కదిలించొద్దు. వినెగర్ ఒక్క చుక్క కూడా కింద నీళ్లలో పడకూడదు, పడితే మళ్లీ మొదటికి రండి.

కప్పులో నురగొచ్చి ఆగిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే బరువు కాబట్టి కప్పు అంచు దాటి కిందికి జారి నీళ్ల మీద పరుచుకుంటుంది. కాసేపటికి గులాబీ నీళ్ల పైన సన్నటి పసుపు పొర కడుతుంది, కాయితం మందం అంతే ఉంటుంది మొదట్లో. కళ్లు నీళ్ల మట్టానికి తెచ్చి పక్కనుంచి చూడండి, ఆ పొరలోంచి పసుపు పోగులు విడిపోయి వంకరలు తిరుగుతూ కిందికి దిగుతుంటాయి, ఎందుకంటే గ్యాస్ కరిగిన నీళ్లు కాస్త బరువెక్కుతాయి. ఎవరూ ఏ ఆసిడూ పోయలేదు, పైన గాలి మారింది, నీళ్లు మారాయి, అంతే. సముద్రంలో కూడా ముందు మారేది పైపొరే, లోతుకి చేరడానికి వందల ఏళ్లు పడుతుంది, చల్లటి బరువైన నీళ్లు మునిగే ధ్రువాల దగ్గర మాత్రం తొందరగా దిగుతుంది.

ఊదడం, తర్వాత తిరిగి తేవడం

ఇంకో గ్లాసులో మీ గులాబీ నీళ్లు 200 మిల్లీలీటర్లు పోసి స్ట్రాతో ఊదండి. ఊదడమే, పీల్చకూడదు, చిన్నపిల్లలకి ముందే గట్టిగా చెప్పండి, స్ట్రా పైభాగంలో చిన్న బొక్క పెడితే పీల్చినా నీళ్లు నోట్లోకి రావు. గులాబీ నారింజ అయ్యి, పసుపు అవుతుంది. మనం వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ 4 శాతం దాకా ఉంటుంది, అంటే 40,000 పీపీఎమ్, బయట గాలికి సుమారు వంద రెట్లు. ఈ మాట పిల్లలకి చెప్పకుండా ఉండొద్దు. లేకపోతే ఇక్కడ కూడా వినెగర్ ప్రయోగంలో లాగే అతి చేసినట్టవుతుంది.

ఇప్పుడు మూడో గ్లాసులో అన్నే నీళ్లు పోసి అందులో వినెగర్ పది పన్నెండు చుక్కలు వేయండి, అదీ పసుపు అవుతుంది. రెండు గ్లాసులూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. రెండిట్లోనూ అక్వేరియం ఎయిర్ పంపు పెట్టి బయటి గాలిని బుడగలుగా వదలండి, పంపు లేకపోతే పెద్ద సీసాలో పోసి మూత తీస్తూ పెడుతూ చాలాసేపు గిలక్కొట్టండి. ఊపిరి ఊదిన గ్లాసు మెల్లగా గులాబీకి తిరిగొస్తుంది, వినెగర్ గ్లాసు మాత్రం పసుపుగానే ఉండిపోతుంది.

ఎందుకు అంటే, కార్బన్ డయాక్సైడ్ పీహెచ్‌ని దింపుతుంది గానీ ఆల్కలినిటీని ముట్టుకోదు, వినెగర్ అయితే ఆ ఆల్కలినిటీనే తినేస్తుంది. గ్లాసులో గ్యాస్‌ని బయటికి కొడితే నీళ్లు కోలుకున్నాయి. సముద్రం పైన ఉన్న గాల్లోనే ఆ గ్యాస్ ఏటేటా పెరుగుతుంటే అది బయటికి ఎలా పోతుంది, ఇంకా లోపలికే వస్తుంది. వాతావరణంలో పెరుగుదల ఆగకుండా సముద్రం పీహెచ్ ఆగదు అన్న మాటకి ఇంతకంటే మంచి రుజువు చిన్న గదిలో చూపించలేం.

గుల్ల కరగడం కూడా చూపించి తీరాలి అనుకుంటే వినెగర్ బదులు సోడా వాటర్‌లో వేయండి, తూకం ముందూ వెనకా చూడండి, కనీసం కారణం సరైనదవుతుంది. చాక్‌పీస్ వాడొద్దు, బోర్డు మీద రాసే చాక్‌లు చాలావరకు జిప్సంతో చేసినవి, వాటిలో కార్బొనేటే ఉండదు. గుడ్డు పెంకు పనికొస్తుంది.

0.1 అంటే ఎంత

పరిశ్రమలకి ముందు సముద్రం పైనీళ్ల పీహెచ్ 8.2 ఉండేది, ఇప్పుడు 8.1. పదో వంతేగా అనిపిస్తుంది, నిజానికి పీహెచ్ లాగ్ లెక్క, ఒక్క అంకె తగ్గితే హైడ్రోజన్ అయాన్లు పది రెట్లు. క్యాలిక్యులేటర్‌లో 10 ని 0.1 ఘాతానికి ఎత్తండి, 1.26 వస్తుంది, అంటే 26 శాతం పెరుగుదల, అందుకే మీరు అక్కడక్కడా 26 అనీ 30 అనీ చదువుతారు, రెండూ ఒకదాని గురించే. అలాగే 0.3 తగ్గితే రెట్టింపు, 0.4 తగ్గితే రెండున్నర రెట్లు. ఉద్గారాలు బాగా ఎక్కువగా ఉండే దారిలో పోతే 2100 నాటికి ఇంకో 0.3 దాకా తగ్గొచ్చని అంచనాలు.

"సముద్రం ఆసిడ్ అయింది" అని మాత్రం చెప్పకండి, అలా అవ్వదు కూడా, 7 కిందికి రాదు. ఆ దిశలో కదులుతోంది అనండి, సరిపోతుంది. గుల్ల కట్టే జీవికి 7 అనే గీతతో పనిలేదు, దానికి కావల్సిన అంకె వేరే ఉంది.

ఆ అంకె పేరు ఒమేగా, శాచురేషన్ స్టేట్. నీళ్లలో ఉన్న కాల్షియం, కార్బొనేట్ రెండిటినీ గుణించి, గుల్లలో ఉండే ఖనిజం, అంటే కాల్షియం కార్బొనేట్, కరగకుండా నిలబడాలంటే ఎంత ఉండాలో దాంతో భాగిస్తే వచ్చేది. 1 పైన ఉంటే రసాయనపరంగా గుల్ల నిలుస్తుంది, 1 కింద అయితే రక్షణ లేని గుల్ల కరగడం మొదలవుతుంది. పగడాలూ, ఆల్చిప్పల పిల్లలూ, టెరోపాడ్స్ అనే రెక్కల నత్తలూ వాడేది కాల్షియం కార్బొనేట్‌లో అరగొనైట్ అనే రకం, అది కాల్సైట్ అనే ఇంకో రకం కంటే తొందరగా కరుగుతుంది, కాబట్టి ముందు దెబ్బ తగిలేది వీటికే. ఉష్ణమండల పైనీళ్లలో అరగొనైట్ ఒమేగా ఇప్పటికీ 3 పైనే ఉంటుంది గానీ పగడాలకి 1 పైన ఉంటే చాలదు, 3 చుట్టుపక్కలకి దిగేసరికే దిబ్బలు పెరగడం కష్టమవుతుంది. చల్లటి నీళ్లు గ్యాస్‌ని ఎక్కువ కరిగించుకుంటాయి కాబట్టి ఆర్కిటిక్, దక్షిణ మహాసముద్రాల్లో ఒమేగా మొదట్నుంచే తక్కువ, ఆర్కిటిక్‌లో కొన్నిచోట్ల ఇప్పటికే 1 కిందికి దిగింది, మిగతా చోట్ల కూడా ఎంతో దూరం లేదు. 2008లో దక్షిణ మహాసముద్రంలో పట్టిన టెరోపాడ్స్ గుల్లలు మైక్రోస్కోప్ కింద పెడితే పైపొర తినేసినట్టు కనిపించింది, ఆ ఫలితం 2012లో అచ్చయింది.

ఒడ్డున కొలవాలనుకుంటే

చేతిలో పట్టుకునే మామూలు పీహెచ్ మీటర్ తప్పు అటూ ఇటూ 0.1 దాకా ఉంటుంది. పారిశ్రామిక యుగం మొత్తంలో సముద్రం మారింది కూడా అంతే. కాబట్టి మీ మీటర్‌తో ఓషన్ అసిడిఫికేషన్‌ని పట్టుకోలేరు, ముందే ఒప్పేసుకోండి. కానీ పట్టుకోగలిగినవి చాలా ఉన్నాయి, రోజులో పగలూ రాత్రీ తేడా, వానాకాలంలో నది నీళ్లు కలిసినప్పుడు తేడా, మురుగు కలిసే చోటికీ కలవని చోటికీ తేడా, ఇవన్నీ 0.1 కంటే బాగా పెద్దవి.

క్యాలిబ్రేషన్‌కి, అంటే మీటర్‌ని సరిచూసుకోడానికి, 4, 7 బఫర్లు (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు) కాకుండా 7, 10 వాడండి, సముద్రం వాటి మధ్య ఉంటుంది కాబట్టి. ఎలక్ట్రోడ్‌ని కొలిచే ముందు కాసేపు సముద్రపు నీళ్లలోనే నాననివ్వండి, మంచినీటితో చేసిన బఫర్‌లోంచి తీసి నేరుగా ఉప్పునీళ్లలో పెడితే అంకె చాలాసేపు జారుతూనే ఉంటుంది. ఆ బఫర్లతో వచ్చే అంకె శాస్త్రవేత్తలు వాడే టోటల్ స్కేల్ అనే వేరే కొలమానం అంకెతో కలవదు, దాదాపు 0.1 పైనే తేడా ఉంటుంది, పేపర్లలో ఉన్న దాంతో మీ అంకెని నేరుగా పోల్చకండి, మీ అంకెల్ని మీ అంకెలతోనే పోల్చుకోండి.

సీసాని అక్కడి నీళ్లతోనే మూడుసార్లు కడగండి, నీళ్ల లోపలే ముంచి నింపండి, పైన గాలి మిగలకుండా పొంగి పొర్లేలా నింపి లోపలే మూత పెట్టండి. వెంటనే కొలవండి. ఇంటికి తీసుకెళ్లి సాయంత్రం కొలుద్దాం అనుకుంటే ఆ లోపల సీసాలో ఉన్న సూక్ష్మజీవులు ఊపిరి తీసుకుంటూ కార్బన్ డయాక్సైడ్ వదులుతూనే ఉంటాయి, మీరు కొలిచేది సీసాని, సముద్రాన్ని కాదు. ల్యాబులు దీన్ని ఆపడానికి మెర్క్యురిక్ క్లోరైడ్ వేస్తాయి, అది ఘోరమైన విషం, ఇంట్లో దాని జోలికి పోవద్దు.

టైమ్, లోతు, ఉష్ణోగ్రత, ఉప్పుశాతం రాయని పీహెచ్ అంకెకి విలువ లేదు. ఒక్క డిగ్రీ వేడెక్కితే పీహెచ్ సుమారు 0.015 పడిపోతుంది, గ్యాస్ ఏమీ చేరకుండానే. సముద్రపు గడ్డి, నాచు ఎక్కువగా ఉన్న చోట అయితే తెల్లారేముందు పీహెచ్ కనిష్ఠంలో ఉంటుంది, రాత్రంతా అన్నీ ఊపిరి తీసుకున్నాయి కదా, మధ్యాహ్నం దాటాక గరిష్ఠానికి వస్తుంది, తేడా అర పాయింటు ఉన్నా ఆశ్చర్యపోకండి. ఒకరోజు పొద్దున, ఇంకోరోజు సాయంత్రం కొలిచి పెరిగింది తగ్గింది అనేవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే ఎప్పుడు కొలిచినా ఒకే టైముకి కొలవండి.

పీహెచ్ ఒక్కటే కొలిచి ఆపకండి, ఆల్కలినిటీ కూడా తీయండి. అక్వేరియంవాళ్లు వాడే కేహెచ్ డ్రాప్ కిట్ చాలు, చుక్కలు లెక్కపెడుతూ రంగు మారే దాకా వేయడమే, ఆ కిట్ వేరే యూనిట్‌లో (డిగ్రీల్లో) చెప్తుంది, దాంట్లో సహజ సముద్రపు నీళ్లు ఆరున్నర నుంచి 7 దగ్గర చూపిస్తాయి. పీహెచ్, ఆల్కలినిటీ, మొత్తం కరిగిన కార్బన్, కార్బన్ డయాక్సైడ్ పీడనం, ఈ నాలుగింట్లో ఏ రెండు తెలిసినా మిగతావి, ఒమేగాతో సహా, లెక్కకట్టొచ్చు, సీఓటూసిస్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రామ్ ఆ పనే చేస్తుంది. మీ అంకెలు వేసి చూడండి, వచ్చే ఒమేగా కచ్చితమైనది కాదు గానీ ఒక చోటికీ ఇంకో చోటికీ తేడా బాగా తెలుస్తుంది. పీహెచ్ తగ్గి ఆల్కలినిటీ మారలేదంటే గ్యాస్ చేరింది అని అర్థం, రెండూ కలిసి తగ్గాయంటే మంచినీళ్లు కలిసుండొచ్చు, ఉప్పుశాతం చూస్తే తేలిపోతుంది.

పెద్ద డేటా చదవడం

నిజమైన ట్రెండ్ కావాలంటే పెద్ద కొలతలే దిక్కు. గ్లోబల్ ఓషన్ అసిడిఫికేషన్ అబ్జర్వింగ్ నెట్‌వర్క్ రెండు స్థాయిలు పెట్టింది, స్థానికంగా వచ్చే మార్పులు చూడ్డానికి పీహెచ్ తప్పు 0.02 లోపు ఉండాలి, దీర్ఘకాల ట్రెండ్‌కి 0.003 లోపు ఉండాలి. దానికి గాజు ఎలక్ట్రోడ్ కాకుండా ఎమ్-క్రెసాల్ పర్పుల్ అనే రంగు వేసి స్పెక్ట్రోఫోటోమీటర్‌తో చూస్తారు. ఆల్కలినిటీ, మొత్తం కార్బన్ కొలతలు సరిచూసుకోవడానికి అమెరికాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థలో ఆండ్రూ డిక్సన్ ల్యాబ్ తయారుచేసిన సముద్రపు నీళ్ల సీసాలు ప్రపంచమంతా వాడుకున్నారు.

మొదట చూడాల్సింది హవాయి దగ్గర స్టేషన్ అలోహా, 1988 నుంచి అక్కడ కొలుస్తున్నారు. గ్రాఫ్ తెరిస్తే ముందు పైకీ కిందికీ పళ్లపళ్లుగా కనిపిస్తుంది, అది ఋతువుల వల్ల. ఏ రెండు మూడేళ్లో కత్తిరించి చూస్తే ఏ దిశ కావాలంటే ఆ దిశ చూపించొచ్చు, అందుకే కనీసం పదేళ్లు పైన చూడాలి, అప్పుడు దశాబ్దానికి 0.02 కి కాస్త తక్కువగా దిగుతున్న గీత స్పష్టంగా కనిపిస్తుంది. దాని పక్కనే హవాయిలోనే మౌనా లోవా కొండ మీద 1958లో మొదలైన గాల్లోని కార్బన్ డయాక్సైడ్ కొలతల గ్రాఫ్ పెట్టండి, ఒకటి ఎక్కుతుంటే రెండోది దిగుతుంటుంది.

ఎవరైనా వాదిస్తే

"సముద్రం అడుగున అగ్నిపర్వతాలు వదిలేది ఎంతో" అంటారు, భూమ్మీద అగ్నిపర్వతాలన్నీ కలిపి వదిలేది మనుషులు వదిలేదాంట్లో 1 శాతం కూడా ఉండదు. "నీళ్లు వేడెక్కితే గ్యాస్ బయటికి పోవాలి కదా" అనేది తెలివైన ప్రశ్న, వేడెక్కడం వల్ల కరిగే శక్తి తగ్గుతుంది నిజమే, కానీ గాల్లో పెరిగింది సగానికి సగం, ఆ తోపు ముందు ఇది చిన్నది, కొలతలు కూడా నీళ్లలో కార్బన్ పెరుగుతున్నట్టే చూపిస్తున్నాయి.

మన వైపు వాళ్లు కూడా తప్పులు మాట్లాడతారు, అది ఇంకా నష్టం. పగడాలు తెల్లబడటానికి కారణం వేడి, ఆమ్లత్వం కాదు, ఆమ్లత్వం చేసేది వాటి అస్థిపంజరం కట్టే వేగాన్ని తగ్గించడం, రెండూ కలిపేయకండి. చేపలు ఆమ్లత్వం వల్ల వాసన పసిగట్టలేక శత్రువు వైపే ఈదుకుపోతాయి అని 2009 ప్రాంతంలో వచ్చిన పరిశోధనలు చాలా పేరు తెచ్చుకున్నాయి, 2020లో వేరే బృందం పెద్ద ఎత్తున మళ్లీ చేస్తే ఆ ఫలితాలు రాలేదు, కాబట్టి దాన్ని రుజువైపోయిన నిజంలా చెప్పొద్దు. అన్ని జీవులకీ నష్టమే అని కూడా అనొద్దు. ఇటలీలో ఇస్కియా ద్వీపం దగ్గర సముద్రం అడుగునుంచి కార్బన్ డయాక్సైడ్ బుడగలు వస్తుంటాయి, 2008లో వచ్చిన అధ్యయనంలో ఆ బుడగల దగ్గరికి పోయేకొద్దీ పగడాలు, సముద్రపు ముళ్లకాయలు కనబడకుండా పోయాయి, సముద్రపు గడ్డి మాత్రం బాగా పెరిగింది. కొన్ని బాగుపడతాయి, గుల్ల కట్టేవి నష్టపోతాయి, ఉన్న కలయిక పోతుంది.

నిజంగా జరిగిన ఉదాహరణ అడిగితే అమెరికాలో ఒరెగాన్ తీరంలో నెటార్ట్స్ బే దగ్గర ఆయిస్టర్ హ్యాచరీ, అంటే ఆల్చిప్పల పిల్లల్ని పుట్టించి పెంచే కేంద్రం, గురించి చెప్పండి. 2007, 2008లో అక్కడ ఆల్చిప్పల పిల్లలు గుంపులు గుంపులుగా చనిపోయాయి. మొదట బ్యాక్టీరియా రోగం అనుకున్నారు, దానికి మందు చూసుకున్నా చావులు ఆగలేదు, తర్వాత తేలింది ఏంటంటే గాలి వీచినప్పుడు లోతు నుంచి పైకొచ్చే చల్లటి నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, ఆ నీళ్లు హ్యాచరీ పైపుల్లోకి వస్తున్నాయి. గుడ్డు నుంచి పుట్టిన ఆల్చిప్ప పిల్ల మొదటి ఒకటి రెండు రోజుల్లోనే తొలి గుల్ల కట్టేసుకోవాలి, అప్పటికి అది తినడం కూడా మొదలెట్టదు, గుడ్డులో ఉన్న శక్తే ఆధారం. ఒమేగా తక్కువగా ఉంటే ఆ గుల్ల కట్టడానికే శక్తంతా అయిపోయి, చావకపోయినా తర్వాత ఎదగదు. ఇక్కడ గుల్ల కరగడం కాదు, గుల్ల కట్టడానికి ఖర్చు పెరగడం. వాళ్లు నీటి కెమిస్ట్రీని ఆగకుండా కొలిచే పరికరాలు పెట్టుకున్నారు, నాచు పనిచేసి పీహెచ్ పైకొచ్చే మధ్యాహ్నం పూట నీళ్లు తోడుకున్నారు, సోడియం కార్బొనేట్ కలిపి నీళ్లని సరిచేసుకున్నారు, ఉత్పత్తి చాలావరకు తిరిగొచ్చింది. ఇంకో మాట, లోతు నుంచి పైకొచ్చిన ఆ నీళ్లు గాలిని చివరిసారి తాకింది దశాబ్దాల కిందట, అంటే ఇవాళ్టి గాలిని తాకి మునిగిన నీళ్లు ఇంకా పైకి రావాల్సే ఉన్నాయి.

మరి ఏం చేయొచ్చు

హ్యాచరీ తొట్టిలో సోడియం కార్బొనేట్ కలపొచ్చు, సముద్రంలో కలపలేం. అసలు మందు ఉద్గారాలు తగ్గించడమే, దాంట్లో దాపరికం లేదు. కానీ తీరంలో స్థానికంగా తగ్గించగలిగేది ఒకటుంది, ఎరువులూ మురుగూ. అవి చేరితే నాచు విపరీతంగా పెరిగి చచ్చి కుళ్లుతుంది, కుళ్లేటప్పుడు ఆక్సిజన్ పోయి కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, గాలి నుంచి వచ్చేదానికి ఇది అదనం. మీరు ఒకే టైముకి కొలిచి రాసుకున్న పుస్తకం ఇక్కడ పనికొస్తుంది, మురుగు కలిసే చోట తెల్లవారుజాము పీహెచ్, కలవని చోట తెల్లవారుజాము పీహెచ్, ఆల్కలినిటీతో సహా పక్కపక్కన పెట్టి చూపిస్తే స్థానిక అధికారులు కాదనలేరు. సముద్రపు గడ్డి మైదానాలు, మడ అడవులు ఉన్నచోట వాటిని కాపాడుకోవడం కూడా దీంట్లో భాగమే, పగటిపూట గడ్డి ఆ చుట్టుపక్కల నీళ్లకి కొంత ఊరటిస్తుంది, రాత్రికి ఆ ఊరట ఉండదు.

రాళ్లపొడి లాంటివి వేసి సముద్రం ఆల్కలినిటీ పెంచొచ్చా అని ఇప్పుడు పరిశోధనలు జరుగుతున్నాయి, మీ వంటసోడా గ్లాసు లెక్క ప్రకారం సిద్ధాంతం సరైనదే, ఎంత తవ్వాలి, ఎంత రవాణా చేయాలి, అక్కడి జీవులకి ఏమవుతుంది అన్నదే ప్రశ్న. ఆకాశంలో ఏవో కణాలు చల్లి ఎండని కాస్త అడ్డుకుంటే వాతావరణ సమస్య తీరిపోతుంది అని ఎవరైనా చెప్తే మాత్రం మరి సముద్రం సంగతేంటి అని అడగండి, ఎండ తగ్గితే వేడి తగ్గొచ్చు గానీ గాల్లో కార్బన్ డయాక్సైడ్ అక్కడే ఉంటుంది, నీళ్లలోకి దిగడం ఆగదు.